దుమ్ముకాళ్ళ అవ్వ

మా ఎదురింటి అవ్వ పోయిన సోమవారం పొద్దున చనిపోయింది. నేను ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతూ ఉంటే, వాళ్ళ కోడలు వచ్చి మా గడప దగ్గర నిలబడి, "అక్కా, మా అత్త పలకడం లేదక్కా" అంది. చేతిలో గుడ్డ అక్కడే పడేసి పరుగెత్తాను. పలకకపోవడం ఆ మనిషి అలవాటు కాదు.

కాసేపటికే వీధి సగం వాళ్ళింట్లో ఉంది. వాళ్ళ ఆచారం ప్రకారం అవ్వను గోడకు ఆనించి కూర్చోబెట్టి, నుదుటి నిండా విభూతి పెట్టారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట. ఎంత మంచి మనిషి! ఒకరిని పల్లెత్తు మాట అని ఎరుగదు! సోమవారం పూట పోయింది, శివుడే పిలుచుకున్నాడు! వింటుంటే నాకు ఒళ్ళు మండింది. పోయినవాళ్ళ మీద మంచిమాటలు చెప్పాలి, నిజమే. కానీ ఇంత పచ్చి అబద్ధం ఆ మనిషి ముందే కూర్చుని చెప్తారా? ఆమెకే గనక ప్రాణం ఉంటే, "ఏందే మీ ఏడుపు, లేచి పోండి" అని అందరినీ బయటికి తరిమి ఉండేది.

అందుకే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నా, ఆమె మంచి మనిషి కాదు. కోడుమూరులో ఈ వీధికి నేను కోడలిగా వచ్చిన నాటినుంచి ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "మిషనుదానా" అనేది. నేను బతుకుతెరువు కోసం కుట్టుమిషను పెట్టుకుంటే, ఆ చప్పుడుకు తన బర్రె పాలు చేపడం లేదని వీధిలో పంచాయితీ పెట్టింది. మా బట్టల తాడు నీడ వాళ్ళ వడియాల మీద పడుతోందని తాడు కోసేసింది. మా కాలువ నీళ్ళు వాళ్ళవైపు పోతే తిట్టేది. పోకుండా అడ్డం పెడితే, అడ్డం ఎందుకు పెట్టావని తిట్టేది. నేనేమీ తక్కువ తినలేదు. నాకూ నోరుంది. పండగ పూట కూడా మేమిద్దరం ఒకరినొకరు పలకరించుకున్న గుర్తు లేదు.

అయితే ఏడాదికి ఒక్కసారి ఆమె మా గడప ఎక్కేది. ఉగాది దగ్గర పడుతున్నప్పుడు.

మా పడమటి పక్కవాళ్ళకు తెలుసు. ఉగాదికి ముందు కన్నడ దేశం నుంచి జనం గుంపులు గుంపులుగా మా ఊళ్ళ మీదుగా శ్రీశైలానికి నడిచి పోతారు. వాళ్ళకు భ్రమరాంబ దేవత కాదు, తమ ఇంటి ఆడబిడ్డ. మల్లన్న అల్లుడు. పుట్టింటివాళ్ళు బిడ్డను చూడడానికి పోయినట్టు చీర, పసుపు, కుంకుమ తీసుకుని పోతారు. అవ్వ పుట్టిల్లు ఆ సరిహద్దులోనే. ఆమె కూడా ప్రతి ఏడూ ఆ గుంపులతో నడిచేది. గుడిలో మల్లన్నకు మాత్రం చేతులెత్తి మొక్కేది కాదు. ఎందుకు మొక్కవని ఎవరైనా అడిగితే, "అల్లునికి దండం పెట్టేది యాడన్నా ఉండాదా?" అనేది.

అమ్మవారికి చీర తీసుకుంటే జాకెట్టు కుట్టించాలి కదా. దానికోసం మా గడప. మొదటి ఏడు గుడ్డ నా ముందు పడేస్తే, "అమ్మవారికి కొలత ఎట్ల అవ్వా?" అని అడిగాను. కొంగులోంచి ఒక పాత జాకెట్టు తీసి విసిరింది. కొలతకు ఇచ్చే పాత జాకెట్టును మేము ఆది అంటాం. "ఇదే ఆది. దీని ప్రకారం కుట్టు" అంది. చేతులు చిన్నవి, నడుం సన్ననిది, రంగు పోయిన నీలం గుడ్డ. అది ఎవరిదో నన్ను అడగనివ్వలేదు. అడగాల్సిన పని కూడా లేదు, వీధికంతా తెలుసు.

ఆమెకు కొడుకు కంటే ముందు ఒక కూతురు. ఆలూరు పక్క ఇచ్చారు. మొదటి కాన్పుకు పుట్టింటికి పంపమంటే, మేమే చేయించుకుంటాం అన్నారట అత్తింటివాళ్ళు. వియ్యాలవారి మాట కాదనకూడదని అవ్వ ఇంట్లోనే ఉండి కబురు కోసం చూసింది. కబురు వచ్చింది. బిడ్డా లేదు, బిడ్డకు పుట్టిన బిడ్డా లేదు. మా అత్త నాకు ఈ సంగతి చెప్పినప్పుడు, "అంతకు ముందు అది అట్లుండేది కాదే, శానా నెమ్మది" అంది. నేను నమ్మలేదు. ఆ నోటికి నెమ్మది ఎక్కడిది!

ఆ ఆది చూసి ఎంత బాగా కుట్టి ఇచ్చినా ఆమెకు నచ్చేది కాదు. చంక కింద వేలు పెట్టి లాగి చూసి, "పట్టేస్తాది. నా బిడ్డ ఊపిరాడక సావాలనా?" అని నా మొహాన కొట్టేది. నేను తిట్టుకుంటూనే విప్పి మళ్ళీ కుట్టేదాన్ని.

నాలుగైదేళ్ళ కిందటి మాట. మా పాపను కోయిలకుంట్లలో ఇచ్చాం. శనగల వ్యాపారం చేసే ఇల్లు, మంచి సంబంధమే. పెళ్ళిలో మా ఆయన మొదటి తాంబూలం పెళ్ళికొడుకు మేనమామకు ఇవ్వాల్సింది పోయి, అప్పుడే జీపు దిగిన ఒక నాయకునికి ఇచ్చాడు. నాయకుడు తాంబూలం తీసుకుని పోయాడు. మేనమామ అలిగి భోజనం చేయకుండా పోయాడు. ఆ అలక మా పాప మెడకు చుట్టుకుంది. పండగకు పంపలేదు, శ్రావణానికి పంపలేదు. కడుపుతో ఉందని తెలిసి చూడడానికి పోతే, మూడు ముద్దలు అన్నం పెట్టి మమ్మల్ని సాగనంపారు. ఏడో నెల వచ్చింది. బీపీ ఎక్కువగా ఉంది, జాగ్రత్తగా చూసుకోండి, పెద్ద ఆసుపత్రి దగ్గర్లో ఉంటే మంచిది అని డాక్టరమ్మ చెప్పిందట. కర్నూలు మాకు దగ్గర. పంపమని అడిగితే మా వియ్యపురాలు, "ఏం, మేం కనలేదా పిల్లల్ని?" అంది.

పాప ఫోన్ చేసి, "అమ్మా, కాళ్ళు వాచినాయి, చెప్పులు పట్టడం లేదు" అని చెప్పి ఊరుకునేది. ఏడిస్తే పక్కన వింటారని ఏడ్చేది కాదు. మా ఆయనేమో, "తొందరపడొద్దు, మర్యాదగా ఉంటే వాళ్ళే పంపిస్తారు" అని అదే మాట.

ఒకనాడు పాపతో మాట్లాడి ఫోన్ పెట్టేసి, మిషను మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాను. గడపలో నీడ పడింది. అవ్వ. చేతిలో అమ్మవారి జాకెట్టు గుడ్డ, ఆది.

"బిడ్డను పంపలేదంటనే?" అంది.

"నీకెందుకు?" అన్నాను.

"నాకెందుకు? నీ ఏడుపుకు నా బర్రె బెదురుతాంది. లెయ్. ఈ జాకెట్టు కుట్టు. ఎల్లుండి నాతోపాటు నడువు."

"నడిస్తే దేవుడు పంపిస్తాడా నా బిడ్డను?"

"వాని మొగం. వాడేం పంపుతాడు? అల్లుని ఇంటికి ఎట్ల పోవాల్నో నీకు నేర్పిచ్చేకి తీస్కపోతా."

నాకు ఆమె మీద నమ్మకం ఉండి కాదు, ఇంట్లో కూర్చుంటే పిచ్చి పట్టేలా ఉండి బయల్దేరాను. ఆత్మకూరు దాకా బస్సు, అక్కడినుంచి గుంపుతో కలిసి నడక. ఆ నడక గురించి భక్తిగా రాయమంటే నా వల్ల కాదు. అవ్వ ముందు పోయేది, ఒక్కసారి కూడా ఆగేది కాదు. అడవిలో రాతిమెట్లు ఎక్కుతుంటే నా అరికాళ్ళు బొబ్బలెక్కి కుంటుతున్నాను. వెనక్కి తిరిగి, "మిషను తెచ్చుకోవాల్సింది, తొక్కుకుంటా వద్దువు" అంది. పక్కనున్న కన్నడ ఆడవాళ్ళకు అది వాళ్ళ మాటలో చెప్పి నవ్వించింది కూడా. వాళ్ళు పాటలు పాడుతూ పోతున్నారు. దారి పొడుగునా మజ్జిగ పోసేవాళ్ళు, మజ్జిగ అన్నం పెట్టేవాళ్ళు. అన్నం చేతికిచ్చిన పిల్లను కూడా ఉప్పు తక్కువైందని తిట్టింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఈ మనిషితో ఎందుకు వచ్చానా అని ప్రతి మలుపులోనూ అనుకున్నాను.

కొండ మీదికి చేరేసరికి మేమిద్దరం మనుషుల్లా లేము. మోకాళ్ళ దాకా ఎర్ర దుమ్ము, చెమటకు తడిసి అట్టలు కట్టింది. నేను పాతాళగంగలో మునిగి, మంచి చీర కట్టుకుని గుడికి పోదామని సంచి విప్పాను. సంచి లాక్కుంది.

"బిడ్డను చూసేకి పోయేటోళ్ళు మొదలు బిడ్డను చూస్తారు. స్నానం తర్వాత."

"దుమ్ముకాళ్ళతో గుడిలోకా?"

"దుమ్ముకాళ్ళతోనే. ఎంత దూరం నుంచి వచ్చినామో వానికి తెలియల్ల."

తర్వాత తెలిసింది, అది ఆమె పెట్టుకున్న పద్ధతి కాదని. నడిచి వచ్చినవాళ్ళు దారి దుమ్ముతోనే స్వామిని చూడడం ఆ కొండ మీద ఎప్పటినుంచో ఉన్నదే. ధూళి దర్శనం అంటారు. మంచి చీరలు కట్టుకుని క్యూలో నిలబడినవాళ్ళు మమ్మల్ని చూసి కొంగులు దగ్గరికి తీసుకున్నారు. అవ్వ కావాలనే వాళ్ళకు ఇంకా దగ్గరగా జరిగింది.

మల్లన్న ముందు మాకు దొరికింది రెప్పపాటు. వెనకనుంచి జనం తోస్తున్నారు. అందరూ హర హర అంటుంటే ఈమె గొంతు అందరినీ మించి లేచింది. "ఏమప్పా అల్లుడా, బాగుండావా? నా బిడ్డను బాగ చూసుకుంటాండావా? ఈడిదాకా నడిచి వచ్చినా, గుర్తు పెట్టుకో." అంతే, తోపులాటలో మేము బయటపడ్డాం. ఆమె కళ్ళు చూశాను. భక్తి లేదు. ఊళ్ళో కాలువ దగ్గర నాతో కొట్లాడేటప్పుడు ఉండే చూపే.

అమ్మవారి దగ్గర మాత్రం గొంతు తగ్గింది. చీర, జాకెట్టు పూజారి చేతికి ఇచ్చి, లోపలికి చూస్తూ మెల్లగా అంది. "బిగువుంటే చెప్పమ్మా. దీంతో విప్పిచ్చి మల్లా కుట్టిస్తా." నేను పక్కనే ఉన్నాను. నా కుట్టు మీద నింద వేసినందుకు కోపం రావాలి కదా. రాలేదు.

బస్టాండులో నేను కర్నూలు బస్సు వైపు నడుస్తుంటే వెనకనుంచి కొంగు పట్టి లాగింది.

"యాడికి?"

"ఇంటికి. ఇంకెక్కడికి?"

"ఒక అల్లుని ఇంటికి పోయి వస్తిమి. ఇంగొక అల్లుని ఇల్లు ఉండాది కదా. కోయిలకుంట్ల బస్సు యాడాగుతాదో అడుగు."

"స్నానమన్నా చెయ్యకుండానా? వాళ్ళేమనుకుంటారు?"

"అనుకోవల్లనే పోతాండాం" అంది.

నంద్యాలలో బస్సు మారి, మరునాడు పొద్దెక్కేసరికి వియ్యాలవారి వీధిలో దిగాం. వియ్యపురాలు బయట అరుగు మీద శనగలు చెరుగుతోంది. మా వాలకం చూసి చేట కింద పెట్టేసింది. అయినా పెద్ద ఇంటి మనిషి, మర్యాద తెలిసిన మనిషి. లోపలికి పోయి కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను అందుకోబోయాను. అవ్వ నా చేయి మీద ఒక్కటి వేసింది. వెళ్ళి వాకిలికి అడ్డంగా, మెట్టు మీద కూర్చుంది. నన్ను కూడా పక్కన కూర్చోమంది.

"నీళ్ళు ముట్టం" అంది వియ్యపురాలితో.

"ఎందుకు ముట్టరు?"

"కాళ్ళు కడిగితే చుట్టాలం అయిపోతాం. చుట్టాలకు అన్నం పెట్టి పంపిస్తారు. బిడ్డను పంపరు."

ఆమె మొహం ఎర్రబడింది. "అసలు నువ్వెవరు? నీకేం సంబంధం?"

"ఎదురింటిదాన్ని. దీని మొగం నాకు పడదు, నా మొగం దీనికి పడదు. అయినా దీనెంట ఈడిదాకా వచ్చినా. బిడ్డకు ఎంత అవసరమో దాంట్లోనే చూసుకో."

"ఇదేం మర్యాదమ్మా? నలుగురూ చూస్తాండారు" అని ఆమె నావైపు తిరిగింది. నేను లేచి ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. మీరు కూడా అదే చేసి ఉండేవాళ్ళు. అవ్వ నా జడ పట్టుకుని కూర్చోబెట్టింది. నిజంగానే జడ పట్టుకుంది, వీధంతా చూస్తుండగా.

"మర్యాదగా నేనూ ఉంటి" అంది, నాతోనో ఆమెతోనో. "ఏమీ అడగలా. నోరెత్తలా. మర్యాద మిగిలింది నాకు."

లోపల కిటికీ దగ్గర మా పాప నిలబడి ఉంది. ఊచలు పట్టుకున్న చేతులు మాత్రం కనపడుతున్నాయి, వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను చూస్తున్నానని తెలిసి చేతులు వెనక్కి తీసుకుంది. అప్పుడు ఏడుపు కాదు, నాకు కోపం వచ్చింది. మేనమామ అలక మీద, ఆ నాయకుని జీపు మీద, మా ఆయన మర్యాద మీద, ఆ చెంబునీళ్ళ మీద. ఒకరి తాంబూలం కోసం నా బిడ్డ ప్రాణం మీదికి రావాలా? కాళ్ళు చాపుకుని గట్టిగా కూర్చున్నాను.

ఎండ నెత్తికెక్కింది. వియ్యపురాలు రెండోసారి నీళ్ళు తెచ్చింది, మూడోసారి మజ్జిగ తెచ్చింది. అవ్వ చూడను కూడా చూడలేదు. వీధిలో పోయేవాళ్ళు నిలబడి, ఎవరు, ఏంది అని అడుగుతున్నారు. అడిగిన ప్రతివాళ్ళకూ అవ్వ మొదటినుంచి చెప్పేది, తాంబూలంతో సహా. నాకు తెలియనివి కూడా కొన్ని కలిపింది.

మధ్యాహ్నం అంగడి నుంచి మా వియ్యంకుడు అన్నానికి వచ్చాడు. వాకిట్లో రెండు జతల మట్టికాళ్ళు అడ్డం. ఇంటికి వచ్చిన ఆడవాళ్ళ కాళ్ళు దాటి మగవాడు ఎట్లా పోతాడు? తన ఇంటి ముందు తను ఎండలో నిలబడ్డాడు. లోపలినుంచి పులగం వాసన వస్తోంది. "కొంచెం జరగమ్మా" అన్నాడు. "బిడ్డ వస్తే లేస్తాం" అంది అవ్వ. ఆయన టవలుతో చెమట తుడుచుకున్నాడు. పక్కింటివాళ్ళ వైపు చూశాడు, పక్కింటివాళ్ళు ఆయన వైపే చూస్తున్నారు. చివరికి భార్యను చూసి కసిరాడు.

"పంపిచ్చేయ్. నీ తోడబుట్టినోడు అలిగితే వాని ఇంట్లో అలుగుతాడు. నాకు ఆకలైతాంది."

పాప సంచితో బయటికి వచ్చింది. వియ్యపురాలు మళ్ళీ చెంబు తెచ్చి పట్టుకుని నిలబడింది. అవ్వ లేచి కాళ్ళు ముందుకు పెట్టింది. అడవి దుమ్మంతా ఆ నాపరాయి మెట్ల మీదుగా ఎర్రగా కారింది. ఇద్దరం కాళ్ళు కడుక్కుని, వాళ్ళింట్లో ఆ పులగం తిని, చుట్టాల్లా చెప్పి బయల్దేరాం. పులగంలో మిరియాలు తక్కువైనాయని అవ్వ పోతూ పోతూ చెప్పింది.

ఎనిమిదో నెలలోనే పాపకు బీపీ మితిమీరిపోతే కర్నూలుకు పరుగెత్తాం. సమయానికి తెచ్చారు, లేకపోతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ అంది. ఆడపిల్ల పుట్టింది. అవ్వ వచ్చి పొత్తిళ్ళలో పిల్లను వంగి చూసి, "మీ ముక్కే వచ్చింది, పాపం" అని వెళ్ళిపోయింది. ఆ మరుసటి వారమే కాలువ దగ్గర మళ్ళీ మా గొడవ. నేను కుట్టిన జాకెట్టు ఆ తర్వాత కూడా ఆమెకు ఏ ఏడూ నచ్చలేదు. నేను ఎన్నడూ ఆమెకు కృతజ్ఞత చెప్పుకోలేదు. చెప్పి ఉంటే చెప్పుకు పని చెప్పేది. ఇప్పుడు చెప్తున్నాను. నా బిడ్డ, దాని బిడ్డ బతికి ఉన్నారంటే ఆ పాడునోటి మనిషి వల్లే. నెమ్మదైనవాళ్ళు, మర్యాదస్తులు మా చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ మా కోసం ఆ మెట్టు మీద కూర్చోలేదు.

మొన్న అందరూ ఆమె మంచితనం గురించి చెప్పుకుంటూ ఉంటే, నేను ఒక మూల నిలబడి, కోయిలకుంట్ల నుంచి మేం వచ్చిన బస్సు గురించి తలుచుకున్నాను. బనగానపల్లె దాటకముందే మా పాప నిద్రపోయింది. సీట్లో పాప మధ్యలో, నేను ఇటు, అవ్వ కిటికీ వైపు. పాప తల వాలి వాలి అవ్వ భుజం మీద పడింది. కిటికీకి తెర లేదు, ఎండ సూటిగా పిల్ల మొహం మీద పడుతోంది. అవ్వ అరచేయి ఎత్తి అద్దానికి అడ్డం పెట్టింది. రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా ఎండ ఎటు జరిగితే చేయి అటు జరిపేది. చాలాసేపు చూశాను. చేయి వణకడం మొదలైంది. "ఇట్లియ్ అవ్వా, కాసేపు నేను పెడతా" అన్నాను.

"నోరు మూసుకోని కూచో. లేస్తాది" అంది.

కర్నూలు వచ్చేదాకా ఆ చేయి దించలేదు.